ఆకాశంలో చలి – రెక్కల్లో కిరసనాయిలు

చలికాలం పొద్దున్నే కొబ్బరినూనె సీసా వంచితే నూనె రాదు. లోపల తెల్లగా పేరుకుని ఉంటుంది. సీసాను కాసేపు ఎండలో పెడతాం. లేదా వేడినీళ్ల గిన్నెలో ఉంచుతాం. నూనె కరుగుతుంది. ఇది ప్రతి ఇంట్లో జరిగేదే. ఇందులో పెద్ద కష్టమేమీ లేదు.

విమానం సంగతి అలా కాదు. అది నేలకు పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున పోతుంది. అక్కడి చలి ముందు మన చలికాలం ఏ మూలకూ రాదు. అంత చలిలో విమానం ఇంధనం పేరుకుంటే ఏమవుతుంది? ఆకాశంలో పొయ్యి లేదు, వేడినీళ్ల గిన్నె లేదు. ఇంధనం అందకపోతే ఇంజనుకు బలం ఉండదు. లోపల వందలమంది మనుషులు ఉంటారు.

ఈ రోజుల్లో మన ఊళ్లనుంచి ఎందరో విమానం ఎక్కుతున్నారు. కోనసీమ నుంచి, కడప నుంచి, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి పనికోసం కువైట్, దుబాయ్, మస్కట్ పోతున్నారు. వారిలో ఆడవాళ్లూ ఉన్నారు. చదువుకున్న పిల్లలు అమెరికా పోతున్నారు. వాళ్లు క్షేమంగా దిగాలని ఇంట్లో తల్లులు దీపం పెట్టి ఎదురు చూస్తారు. ఆ ప్రయాణం వెనక ఎంత జాగ్రత్త ఉందో, ఒకసారి ఆ జాగ్రత్తకు కూడా అందకుండా ఏం జరిగిందో తెలుసుకుందాం.

విమానానికి పోసేది ఏమిటి?

ఇంధనం అంటే మండి శక్తినిచ్చేది. పొయ్యికి కట్టెలు ఇంధనం. స్కూటరుకు పెట్రోలు ఇంధనం. లారీకి డీజిలు ఇంధనం. మరి విమానానికి?

చాలామంది పెట్రోలు అనుకుంటారు. ముందు పంకా తిరిగే చిన్న విమానాలు కొన్ని పెట్రోలుతోనే నడుస్తాయి. కానీ జనం ఎక్కే పెద్ద జెట్ విమానాలకు పోసేది కిరసనాయిలు జాతి ఇంధనం. ఒకప్పుడు రేషను షాపులో నీలిరంగు కిరసనాయిలు ఇచ్చేవాళ్లు. బుడ్డిదీపంలో పోసేవాళ్లం. పంపు స్టవ్వులో పోసేవాళ్లం. విమానం ఇంధనం దానికి చుట్టమే.

రెండూ పుట్టేది ఒక్కచోటే. భూమిలోంచి ముడి చమురు తీస్తారు. దాన్ని శుద్ధి కర్మాగారంలో కాచి వేరు చేస్తారు. తేలికగా ఉండే పెట్రోలు ఒక పక్కకు వస్తుంది. దానికంటే కాస్త బరువైన కిరసనాయిలు ఇంకో పక్కకు వస్తుంది. తరువాత డీజిలు. చివరికి అడుగున తారు మిగులుతుంది. మన విశాఖపట్నంలో హిందుస్థాన్ పెట్రోలియం వారి శుద్ధి కర్మాగారం ఉంది. విమానం ఇంధనం అక్కడ కూడా తయారవుతుంది.

చుట్టమే అయినా విమానం ఇంధనాన్ని చాలా జాగ్రత్తగా శుద్ధి చేస్తారు. ఇంటికి వండుకునే బియ్యం చెరుగుతాం. పెళ్లికి వండే బియ్యం చెరిగి, ఏరి, మళ్లీ చూసి వండుతాం. ఇదీ అంతే. మన దేశంలోనూ, ప్రపంచంలో చాలా దేశాల్లోనూ వాడే విమాన ఇంధనం పేరు జెట్ ఎ-1.

పెట్రోలు ఎందుకు పోయరు? పెట్రోలు చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటుంది. కిరసనాయిలు అంత తొందరగా అంటుకోదు. కనీసం 38 డిగ్రీల వేడి వరకు జెట్ ఎ-1 పైన మంట అందుకునేంత ఆవిరి లేవకూడదని నియమం ఉంది. అందుకే అది పెట్రోలు కంటే నయం.

ఈ ఇంధనాన్ని ఎక్కువగా విమానం రెక్కల్లో నింపుతారు. రెక్కలు లోపల డొల్లగా ఉంటాయి. వాటిలోనే టాంకులు ఉంటాయి. దూరదేశం పోయే పెద్ద విమానంలో లక్ష లీటర్లు, అంతకంటే ఎక్కువ కూడా పడుతుంది.

సున్నాకు దిగువన

వేడిని, చలిని డిగ్రీల్లో కొలుస్తారు. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. మన వైపు మే నెలలో 45 డిగ్రీల ఎండ కాస్తుంది. విశాఖ మన్యంలో లంబసింగి అనే ఊరుంది. అక్కడ చలికాలంలో కొన్ని రోజులు సున్నా దరిదాపులకు పడిపోతుంది.

సున్నా కంటే కిందికి పోతే ఎలా రాస్తారు? పొదుపు సంఘం పుస్తకం గుర్తు చేసుకుంటే తేలిక. ఖాతాలో 50 రూపాయలు ఉంటే 50 అని రాస్తారు. ఏమీ లేకపోతే సున్నా. ఇంకా 50 రూపాయలు అప్పుపడితే? సున్నాకు దిగువన 50. దాన్ని మైనస్ 50 అంటారు. చలి కూడా అంతే. మైనస్ 10 అంటే సున్నాకు పది డిగ్రీలు దిగువ. మైనస్ 40 అంటే ఇంకా ఎక్కువ చలి.

పైకి పోయేకొద్దీ చలి పెరుగుతుంది. కింద మదనపల్లెలో చెమటలు పడుతుంటే పైన హార్సిలీ కొండమీద చల్లగా ఉంటుంది. లెక్క ప్రకారం కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. పదకొండు కిలోమీటర్ల ఎత్తున దాదాపు మైనస్ 56 డిగ్రీలు ఉంటుంది. కొన్ని రోజుల్లో, కొన్ని చోట్ల ఇంకా తక్కువ.

మరి రెక్కల్లో ఇంధనం కూడా వెంటనే అంత చల్లబడుతుందా? పడదు. రెండు కారణాలు ఉన్నాయి. పెద్ద డేగిశాలో అన్నం తొందరగా చల్లారదు. లక్ష లీటర్ల ఇంధనం కూడా అంతే. చల్లబడటానికి గంటలు పడుతుంది. రెండో కారణం వేగం. విమానం గాలిని చీల్చుకుంటూ పోతుంది. ముందున్న గాలి ఒత్తుకుని, రాసుకుని కాస్త వేడెక్కుతుంది. అందువల్ల రెక్కకు తగిలే చలి బయట చలికంటే పాతిక, ముప్పై డిగ్రీలు తక్కువగా ఉంటుంది.

హైదరాబాదు నుంచి ఢిల్లీకి రెండు గంటల ప్రయాణం. అందులో ఇంధనం పెద్దగా చల్లబడే వేళే ఉండదు. పది, పన్నెండు గంటలు మంచు దేశాల మీదుగా పోయే విమానాలకే అసలు పరీక్ష.

చలికి ఇంధనంలో నాలుగు మార్పులు వస్తాయి.

మొదటి మార్పు: ముడుచుకుంటుంది

వేడికి వస్తువు పొంగుతుంది. చలికి ముడుచుకుంటుంది. కిరసనాయిలు కూడా అంతే. 30 డిగ్రీల వేడిలో 100 లీటర్లు ఉన్న ఇంధనం మైనస్ 30 డిగ్రీల చలిలో దాదాపు 95 లీటర్లే అవుతుంది. ఐదు లీటర్లు ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు. బరువు అంతే ఉంది. చోటు తక్కువ తీసుకుంది, అంతే.

అందుకే విమానం నడిపేవాళ్లు ఇంధనాన్ని లీటర్లలో లెక్కపెట్టుకోరు. బరువులో, ఎక్కువచోట్ల కిలోల్లో లెక్కపెడతారు. లీటరు ఎండకూ చలికీ మారుతుంది. కిలో మారదు. ఇంజనుకు కావలసిన శక్తి ఇంధనం బరువును బట్టే వస్తుంది. అలాగే టాంకును మూతిదాకా నింపరు. వేడికి పొంగితే పట్టడానికి కొంచెం ఖాళీ వదులుతారు.

రెండో మార్పు: చిక్కబడుతుంది

వేడి నూనె పలచగా జారుతుంది. చల్లారిన నూనె నిదానంగా జారుతుంది. ఆముదం చలికాలంలో సీసాలోంచి ఎంతకూ రాదు. విమాన ఇంధనం మామూలుగా నీళ్లలాగా పలచగా ఉంటుంది. 40 డిగ్రీల వేడిలో ఉన్నప్పటికంటే మైనస్ 20 దగ్గర అది మూడు రెట్లకు పైనే చిక్కబడుతుంది. ఇంకా చల్లబడితే ఇంకా చిక్కబడుతుంది.

చిక్కబడితే ఏం నష్టం? పంపు గట్టిగా తోయాలి. అంతేకాదు. ఇంజను లోపల ఇంధనాన్ని సన్నని తుంపరలాగా చల్లుతారు. తుంపర సన్నగా ఉంటేనే బాగా మండుతుంది. చిక్కబడిన ఇంధనం పెద్ద పెద్ద చుక్కలుగా పడుతుంది. సరిగా అంటుకోదు. అందుకే మైనస్ 20 దగ్గర ఇంధనం ఇంతకు మించి చిక్కబడకూడదు అని కొలత పెట్టారు.

మూడో మార్పు: పూస కడుతుంది

నీళ్లు ఒకే జాతి పదార్థం. సున్నా దగ్గర గడ్డ కడతాయి. కిరసనాయిలు అలా కాదు. అందులో చాలా రకాల పదార్థాలు కలిసి ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క చలికి గడ్డ కడుతుంది.

చల్లారిన నెయ్యిని చూస్తే ఇది అర్థమవుతుంది. కాచిన నెయ్యి ఒక్కసారిగా గడ్డ కట్టదు. ముందు అక్కడక్కడ పూసలు పూసలుగా కడుతుంది. పూసల మధ్య నెయ్యి ఇంకా జారుగానే ఉంటుంది. చలి పెరిగితే అంతా పేరుకుంటుంది. కిరసనాయిలులో కూడా ముందు మైనం పూసలు కడతాయి. కొవ్వొత్తిలో ఉండే మైనం లాంటిదే ఇది. ఇంధనం మొదట జావలాగా అవుతుంది. చలి ఇంకా ముదిరితే సంకటిలాగా అవుతుంది. సంకటిని పంపు లాగలేదు.

కాబట్టి పూసలు అసలే కట్టని హద్దును కొలిచి పెట్టుకున్నారు. ఇంధనాన్ని కొద్దిగా తీసి పూసలు కనబడేదాకా చల్లబరుస్తారు. తరువాత మెల్లగా వేడి తగిలిస్తారు. చివరి పూస ఎన్ని డిగ్రీల దగ్గర కరిగిపోతుందో చూస్తారు. అదే హద్దు. జెట్ ఎ-1 ఇంధనానికి ఆ హద్దు మైనస్ 47, లేదా ఇంకా దిగువన ఉండాలి. అమెరికాలో లోపలి ప్రయాణాలకు వాడే జెట్ ఎ ఇంధనానికి మైనస్ 40 సరిపోతుంది.

డీజిలులో మైనం ఇంకా తొందరగా పూస కడుతుంది. లడఖ్‌లో చలికాలం బండ్లలో డీజిలు పేరుకుని జనం ఇబ్బంది పడేవాళ్లు. 2019లో ఇండియన్ ఆయిల్ సంస్థ అక్కడి కోసం వేరే డీజిలు తెచ్చింది. మైనస్ 33 డిగ్రీల చలిలో కూడా అది జారుగానే ఉంటుంది.

విమానం నడిపేవారి ముందు ఒక అంకె ఎప్పుడూ కనబడుతుంది. రెక్కలో ఇంధనం ఎంత చల్లగా ఉందో అది చెబుతుంది. హద్దుకు మూడు డిగ్రీలు ఎగువనే ఉండాలని లెక్క. హద్దు మైనస్ 47 అయితే, మైనస్ 44 దగ్గరే మేలుకోవాలి. అప్పుడు వాళ్లు విమానాన్ని కాస్త కిందికి దించుతారు. కింద చలి తక్కువ. లేదా వేగం పెంచుతారు. రాపిడికి వేడి పుడుతుంది. లేదా చలి తక్కువ ఉన్న దారికి మళ్లుతారు. అంకె చదవడం, చదివిన అంకెను పట్టించుకోవడం, ఇవే అక్కడ ప్రాణాలు కాపాడతాయి.

నాలుగో మార్పు: దాగిన నీరు బయటపడుతుంది

నూనె, నీరు కలవవు అంటాం. నిజమే. కానీ ఆ మాటలో చిన్న మినహాయింపు ఉంది. కిరసనాయిలు అతి కొద్ది నీటిని తనలో కరిగించుకుంటుంది. అది కంటికి కనబడదు. ఎంత వడగట్టినా పూర్తిగా పోదు.

వేడి పాకంలో చక్కెర ఎక్కువ కరుగుతుంది. పాకం చల్లారితే ఎక్కువైన చక్కెర పలుకులుగా బయటికి వస్తుంది. ఇంధనంలో నీరు కూడా ఇలాగే. వేడిగా ఉన్నప్పుడు కరిగి దాక్కుంటుంది. చల్లబడితే సన్నని బిందువులుగా బయటపడుతుంది. సున్నాకు దిగువన ఆ బిందువులు మంచు రవ్వలు అవుతాయి.

నీరు ఇంకో దారిలో కూడా వస్తుంది. చల్లని నీళ్లున్న చెంబు బయట చెమర్చడం అందరూ చూసిందే. ఆ తడి గాలిలోనిదే. విమానం టాంకులో ఇంధనం తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి బయటి గాలి వస్తుంది. గాలిలోని తేమ చల్లని టాంకు గోడలకు తగిలి చెమరుస్తుంది.

నీరు కిరసనాయిలు కంటే బరువు. కాబట్టి అడుగుకు చేరుతుంది. దీపంలో నీళ్లు కలిసిన కిరసనాయిలు పోస్తే వత్తి చిటపటలాడి ఆరిపోవడం పాతతరం వారికి బాగా తెలుసు. అందుకే విమానాశ్రయంలో ఇంధనం పోసేముందు కొద్దిగా గాజు జాడీలోకి పట్టి చూస్తారు. తేటగా, మెరుస్తూ ఉండాలి. అడుగున నీటిచుక్క కనబడకూడదు. కంటికి కనబడని నీటిని పట్టడానికి రంగు మారే మందు కూడా వాడతారు. విమానం టాంకుల అడుగున చిన్న తూములు ఉంటాయి. వాటిద్వారా అడుగునీటిని వదిలేస్తారు.

ఇంజను దగ్గర ఇంకో ఏర్పాటు ఉంది. కాచిన పాలగ్లాసును చన్నీళ్ల గిన్నెలో పెడితే పాలు చల్లారతాయి. గిన్నెలో నీళ్లు వేడెక్కుతాయి. ఇంజనులో తిరిగే ఇంజన్ ఆయిల్ సలసలా కాగుతూ ఉంటుంది. ఇంధనం చల్లగా ఉంటుంది. రెండూ కలవకుండా, పక్కపక్కన పారేలా ఒక పెట్టె పెడతారు. ఇంధనం వెయ్యికి పైగా సన్నని గొట్టాల్లోంచి పోతుంది. వాటి చుట్టూ వేడి ఇంజన్ ఆయిల్ తిరుగుతుంది. ఇంధనం వేడెక్కుతుంది. ఇంజన్ ఆయిల్ చల్లారుతుంది. ఒకే దెబ్బకు రెండు పనులు.

ఇన్ని జాగ్రత్తలు ఉన్నాయి. ఇంక భయం లేదనే అందరూ అనుకున్నారు. 2008 దాకా.

2008 జనవరి 17

ఆ రోజు చైనా రాజధాని బీజింగ్ నుంచి ఒక విమానం బయలుదేరింది. ఇంగ్లండులో లండన్ నగరానికి పోవాలి. అక్కడి విమానాశ్రయం పేరు హీత్రో. విమానం బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారిది. బోయింగ్ 777 రకం. దానికి రెండు ఇంజన్లు. ప్రయాణికులు 136 మంది. సిబ్బంది 16 మంది. మొత్తం 152 మంది.

బయలుదేరేటప్పుడు 79 టన్నుల ఇంధనం ఉంది. దారి మంగోలియా మీదుగా, రష్యాలోని సైబీరియా మీదుగా. అది మంచు దేశం. నడి చలికాలం. ఒకచోట బయట చలి మైనస్ 76 డిగ్రీలకు పడింది. రెక్కల్లో ఇంధనం మైనస్ 34కు చల్లబడింది. నడిపేవాళ్లు అంకె చూస్తూనే ఉన్నారు. హద్దు ఇంకా దూరంగానే ఉంది. కంగారు పడవలసిందేమీ కనబడలేదు.

పదిన్నర గంటలు గడిచాయి. లండన్ వచ్చింది. విమానం దిగుతోంది. కింద ఇళ్లు కనబడుతున్నాయి. విమానం నేలకు 720 అడుగుల ఎత్తున ఉంది. దిగేముందు ఇంజన్లకు కాస్త ఎక్కువ బలం కావాలి. కానీ కుడి ఇంజను బలం తగ్గింది. కొన్ని క్షణాలకే ఎడమ ఇంజను బలం కూడా తగ్గింది. ఇంజన్లు ఆరిపోలేదు. వత్తి తగ్గించిన స్టవ్వులాగా మందగించాయి. ఎంత అడిగినా బలం రాలేదు. టాంకుల్లో మాత్రం పది టన్నులకు పైగా ఇంధనం ఉంది.

విమానాన్ని దించుతున్నది జాన్ కవర్డ్. పెద్ద పైలట్ పీటర్ బర్కిల్. ఆలోచించడానికి నిమిషం కూడా లేదు. దిగేటప్పుడు రెక్కల వెనక అంచున పలకలు కిందికి వాలి ఉంటాయి. అవి గాలికి అడ్డుపడి వేగం తగ్గిస్తాయి. బర్కిల్ ఆ పలకలను కొంచెం పైకి లాగారు. అడ్డు తగ్గింది. విమానం ఇంకాస్త ముందుకు సాగింది. ఆ పని చేయకపోతే ఇంకో 50 మీటర్లు ముందే నేలను తాకి ఉండేదని తరువాత లెక్క తేలింది.

విమానం ఇళ్లను, రోడ్డును దాటింది. విమానాశ్రయం కంచె దాటింది. విమానం దిగే బాటకు 330 మీటర్ల ముందు, గడ్డి నేలమీద పడింది. చక్రాలు విరిగాయి. జారుకుంటూ పోయి బాట మొదట్లో ఆగింది. మంట లేవలేదు. ఒక ప్రయాణికుడికి కాలు విరిగింది. కొందరికి చిన్న దెబ్బలు తగిలాయి. 152 మందిలో ఒక్కరి ప్రాణం కూడా పోలేదు.

దొంగ కరిగిపోయాడు

ఏం జరిగింది? ఇంగ్లండు ప్రభుత్వ విమాన ప్రమాదాల పరిశోధన శాఖ విచారణ మొదలుపెట్టింది. ఇంధనం అయిపోయిందా? లేదు. ఇంధనం కల్తీదా? పరీక్షించారు. మేలైన ఇంధనమే. మైనం పూస కట్టిందా? ఆ ఇంధనం హద్దు మైనస్ 57 అని తేలింది. అది చల్లబడింది మైనస్ 34 దాకే. హద్దుకు ఇంకా 23 డిగ్రీలు ఎగువనే ఉంది. కాబట్టి మైనం కాదు.

మరి దొంగ ఎవరు? నీరు.

ఎంత నీరు? 79 టన్నుల ఇంధనంలో ఉండగలిగిన నీరు మహా అయితే ఐదు లీటర్లు అని లెక్కవేశారు. 79 టన్నులు అంటే దాదాపు లక్ష లీటర్లు. లక్ష లీటర్లలో ఐదు లీటర్లు. ఇంకోలా చెప్పాలంటే 20 లీటర్ల డబ్బాలో ఒక మిల్లీలీటరు. సుమారు ఇరవై చుక్కలు. ఇది ఎక్కువ కాదు. ఏ విమానంలోనైనా మామూలుగా ఉండేదే. నియమం లోపలే ఉంది.

ఆ కొద్ది నీరే మంచు రవ్వలుగా మారింది. గంటల తరబడి విమానం ఒకే తీరున పోతోంది. గొట్టాల్లో ఇంధనం నిదానంగా పారుతోంది. మంచు రవ్వలు గొట్టాల లోపలి గోడలకు కొంచెం కొంచెంగా అంటుకుంటూ పోయాయి. కాలవ అడుగున ఒండ్రు పేరుకున్నట్టు పేరుకున్నాయి. మైనస్ 5 నుంచి మైనస్ 20 దాకా ఈ మంచుకు జిగురు ఎక్కువ. అంతకంటే చల్లగా ఉంటే అంతగా అంటుకోదు.

విమానం దిగేటప్పుడు ఇంజన్లు ఎక్కువ ఇంధనం అడిగాయి. గొట్టాల్లో ఇంధనం జోరుగా పారింది. వరద వస్తే కాలవలోని చెత్తంతా ఒక్కసారి కదిలి తూముకు అడ్డం పడుతుంది. ఇక్కడా అదే జరిగింది. పేరుకున్న మంచు ఊడి, వేడిచేసే పెట్టె ముఖానికి అడ్డం పడింది. ఆ పెట్టెలో గొట్టాల కొనలు పలక మీదికి కొద్దిగా పొడుచుకుని ఉన్నాయి. మంచు నిలవడానికి అదే ఆధారమైంది. ఇంధనం దారి మూసుకుపోయింది. వేడి చేసి మంచును కరిగించవలసిన పెట్టె దగ్గరే మంచు అడ్డం పడింది.

ప్రమాదం తరువాత ఆ మంచు కరిగి ఇంధనంలో కలిసిపోయింది. ఆనవాలు మిగలలేదు. పరిశోధకులు చల్లని ఇంధనంతో పరీక్షల మీద పరీక్షలు చేశారు. మంచు అలా అడ్డం పడగలదని చేసి చూశారు. రెండేళ్లకు పైగా శ్రమపడి 2010 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చారు. విమానాన్ని తయారుచేసినప్పుడు ఇలాంటి ప్రమాదం ఉందని ఎవరికీ తెలియదని అందులో రాశారు.

తెలిసింది, మార్చారు

నివేదిక వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2008లోనే ఆ రకం ఇంజన్లున్న విమానాలు నడిపేవారికి కొత్త సూచనలు ఇచ్చారు. వాటిలో ఒకటి వినడానికి వింతగా ఉంటుంది. ఇంజను బలం తగ్గితే ఇంకా బలం అడగవద్దు. కాసేపు ఇంధనం తగ్గించండి అని.

ఎందుకు? ఇంధనం తక్కువగా పారితే, పెట్టెలోని వేడి ఇంజన్ ఆయిల్‌కు మంచును కరిగించే వ్యవధి దొరుకుతుంది. మంచు కరిగితే దారి తెరుచుకుంటుంది.

ఈ సూచన ఆ ఏడాదే పనికొచ్చింది. 2008 నవంబరు 26న డెల్టా సంస్థ విమానం ఒకటి చైనాలోని షాంఘై నుంచి అమెరికాలోని అట్లాంటాకు పోతోంది. అదీ బోయింగ్ 777. ఆకాశంలో పోతుండగా ఒక ఇంజను బలం తగ్గింది. నడిపేవాళ్లు కొత్త సూచన పాటించారు. ఇంధనం తగ్గించి కాసేపు ఓపిక పట్టారు. ఇంజను మళ్లీ కోలుకుంది. విమానం క్షేమంగా అట్లాంటాలో దిగింది.

తరువాత ఆ పెట్టె రూపం మార్చారు. గొట్టాల కొనలు పొడుచుకు రాకుండా ముఖాన్ని చదును చేశారు. మంచుకు పట్టు దొరకదు. ఆ రకం ఇంజన్లలో పాత పెట్టెలు తీసి కొత్తవి పెట్టించారు.

కొన్ని యుద్ధ విమానాల ఇంధనంలో ఇంకో ఉపాయం చేస్తారు. నీరు మంచు కట్టకుండా ఒక మందు కలుపుతారు.

ఇరవై చుక్కలే కదా అని

లండన్‌లో ఆ రోజు ఎవరూ తప్పు చేయలేదు. ఇంధనం మంచిదే. నడిపినవాళ్లు నేర్పరులే. అంకెలన్నీ హద్దు లోపలే ఉన్నాయి. కానీ ఆ హద్దు మైనానికి పెట్టినది. మంచు వేరే దారిలో వచ్చింది. ఒక ప్రమాదానికి కాపలా పెట్టినంత మాత్రాన అన్ని ప్రమాదాలకూ కాపలా పెట్టినట్టు కాదు.

రెండో సంగతి కూడా అంతే ముఖ్యం. అందరూ బతికారు కదా అని విచారణ మానలేదు. తలరాత అని వదిలేయలేదు. ఎవరో ఒకరిమీద నింద వేసి చేతులు దులుపుకోలేదు. కారణం దొరికేదాకా వెతికారు. దొరికింది అందరికీ చెప్పారు. చెప్పినది రాసిపెట్టారు. రాసినదాన్ని ఇంకొకరు చదివి, ఆకాశంలో ఇంజనును మళ్లీ నిలబెట్టుకున్నారు.

చదివాక మాట్లాడుకుందాం

1. విమానం నడిపేవాళ్లు ఇంధనాన్ని లీటర్లలో కాక కిలోల్లో ఎందుకు లెక్కపెడతారు?

2. నీళ్లు గడ్డకట్టడానికి, నెయ్యి పూస కట్టడానికి తేడా ఏమిటి? కిరసనాయిలు ఏ రకం?

3. మైనస్ 34 ఎక్కువ చలా, మైనస్ 47 ఎక్కువ చలా? పొదుపు పుస్తకం లెక్కతో చెప్పండి.

4. ఇంజను బలం తగ్గినప్పుడు ఇంధనం ఇంకా తగ్గించమన్నారు. ఎందుకు?

5. మీ ఊళ్లో బోరు చెడినా, కరెంటు తీగ తెగినా, ఎవరికైనా దెబ్బ తగిలినా, కారణం ఎవరైనా వెతికి రాసిపెడుతున్నారా? అలా రాసిపెడితే ఏం మేలు? మీ సంఘంలో మాట్లాడండి.